వాకిటి పిడికెడు

పొద్దున లేస్తానే ఉరుకుందమ్మకు మూడు పనులు. వాకిలి ఊడ్చేది, రోకలికి పనుంటే నాలుగు గింజలు దంచేది, బావి కాడికి పోయి మొగునికి కేక వేసేది. వాకిలి ఊడ్చినా ఊడ్వకపోయినా ఎర్రదుమ్ము మళ్లీ వచ్చి కూర్చుంటుంది. రోకలికి పని దొరక్క శానా దినాలయింది. ఇంక మిగిలింది కేక. దాన్ని మాత్రం ఒక్క దినం కూడా మానలేదు ఆ మహాతల్లి.

"మామా! తిన్యావా? చాలింక, పైకి రా!"

రోజూ ఇదే మాట. జవాబు కోసం నిలబడితే పని పోతుంది. అందుకని పత్తికొండ రోడ్డు కాడికి పోయి కరువు పనిలో కంకర కొట్టి, పొద్దు వాలినాక మళ్లీ వచ్చేది. అప్పటికి చేరేది కిందనుంచి బొజ్జన్న గొంతు.

"తిన్యా. చెమ్మ వాసన వస్తాండాది. ఇంకొక్క మట్టు తవ్వితే నీళ్లే."

మట్టు అంటే చేతులెత్తి నిలబడిన మనిషంత లోతు. ఆ ఒక్క మట్టు ఏండ్ల తరబడి అట్లనే ఉండిపోయింది. బొజ్జన్న బావిలో దిగినప్పుడు కర్నూలు రాజధాని. ఆ రాజధాని మూటాముల్లె సర్దుకుని హైదరాబాదుకు పోయింది గానీ, బావిలో నీళ్లు మాత్రం రాలేదు. ఊర్లో తక్కినోళ్లంతా రాయి తగలగానే గడారి పారేసి పైకొచ్చినారు. బొజ్జన్నకు రాయి అడ్డం పడలేదు. మన్ను అయిపోతే సుద్ద, సుద్ద అయిపోతే ఇసుక, దిగేకొద్దీ నేల దారి ఇస్తానే పోయింది. ఒక దినం కింద నుంచి కేక వచ్చింది.

"ఈడ కూడా పొద్దు పుడతాండాది. చుక్కలుండాయి. నీళ్లే లేవు."

గట్టున కూర్చుని తాడు పేనే పెద్ద ఈరన్న తాత "అట్లయితే చలికి భయం లేదులే" అని ఇంకో గుప్పెడు కిత్తనార అందుకున్నాడు. బావి దిగేకొద్దీ తాడు చాలదు గదా, ముసలాయనకు అదే పని. ఊరు కూడా అంతే. బొజ్జన్న ఇంకా దిగుతాండాడంట అనుకుని ఎవరి పనికి వాళ్లు పోయినారు.

ఉరుకుందమ్మ దిగులంతా తిండి గురించే. మొదట్లో గంపలో సంగటి ముద్ద పెట్టి దించితే వేడివేడిగా అందేది. తర్వాత పులిసి అందేది. ఒక సాయంత్రం "ముద్ద బూజు పట్టింది" అని జవాబు వచ్చింది. జొన్నరొట్టెలు ఎండబెట్టి పంపింది. కొన్నాళ్లకు అవీ పురుగు పట్టి చేరినాయి. తాడు అంత దూరం పోవాల మరి. పైకి రమ్మంటే రాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. బొజ్జన్న ఆమెకు సొంత మేనమామ, చిన్నప్పటి నుంచి చూస్తాండాది, ఆ మొండితనం ఆమెకు కొత్త కాదు. కొత్తగా వచ్చింది భయం. ఆకలికి చచ్చిపోతాడని, చచ్చిన సంగతి కూడా ఆలస్యంగా తెలుస్తుందని.

ఒక దినం కంకర కుప్ప కాడ మేస్త్రీ పత్తికొండలో రేడియో విని వచ్చి చెప్పినాడు. "రష్యావోళ్లు కుక్కను డబ్బాలో పెట్టి ఆకాశంలోకి ఇసిరినారంట."

ఉరుకుందమ్మ సుత్తి ఆపింది. "దానికి తిండి?"

"ఏదో పెట్టింటారు లే."

"అది అయిపోతే?"

రేడియో అంతవరకు చెప్పలేదు. "అయిపోతే అయిపోతాది."

"మళ్లీ వస్తాదా?"

"రాదంట."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్కన కంకర కొడుతున్న విశ్వాసమ్మ, చర్చి వీధి మనిషి, ఈమెకు ప్రాణస్నేహం, సుత్తి పక్కన పెట్టి భుజం పట్టుకుంది. "ఏమ్మే, కుక్క కోసరం ఏడుస్తాండావా?"

"అంతదూరం పంపినోళ్ల ఇంట్లో అన్నం పెట్టే ఆడమనిషే లేదా విశ్వాసీ? తిండి పంపితే అయిపోతాది. తిండి పండేదాన్ని పంపాల."

ఆ మాట ఆమె నోట్లోంచే వచ్చింది. వచ్చినాక ఇంక కూర్చోనియ్యలేదు.

తంగేడు బరికెలతో బండి చక్రమంత వెడల్పు గంప అల్లింది. బంకమన్ను, పేడ కలిపి లోపల మెత్తింది. పశువుల కొట్టంలోని మన్ను దాంట్లో నింపి మడులు కట్టింది. ఒక మడిలో కొర్ర, ఒక దాంట్లో అలసంద, అంచున సొరతీగ. తర్వాత తనకు తనే ఒక నియమం పెట్టుకుంది. బయటి నుంచి ఒక చెంబు నీళ్లు గానీ, ఒక పుడక గానీ లోపలికి పోగూడదు. మొదటిసారి మొలకలన్నీ మాడిపోయినాయి. నీళ్లన్నీ గాలికి ఎగిరిపోతే ఎట్ల బతుకుతాయి? గంజి కుండ మూత తీస్తే దాని లోపలివైపు బొట్లు కారుతుంటాయి గదా, అది చూసి తన పాత చీర తెచ్చి గంప మీద పందిరి కట్టింది. మన్నులోంచి లేచిన చెమ్మ చీరకు అంటి, బొట్లు బొట్లుగా గంపలో పెట్టిన కుండలోకి దిగింది. రెండోసారి మేకపిల్లను పెడితే అది కొర్ర వెన్ను తీయకముందే నున్నగా మేసేసింది. మేక తినేది బారెడు, ఇచ్చేది బెత్తెడు. దాన్ని తీసేసి కోడిని పెట్టింది. కోడికి పొట్టు చాలు, పురుగులు చాలు. అది గుడ్డు పెడుతుంది, మన్నుకు ఎరువిస్తుంది.

"మా మామది కూడా మన్నుకే పోవాల, వృథా చేయగూడదు" అంటే విశ్వాసమ్మ "ఛీ, ప్రభువా!" అని కడుపు పట్టుకుని నవ్వింది. ఆ కరువులో వాళ్లిద్దరూ అంతగా నవ్వింది అదొక్కసారే.

మూడోసారి గంప తన బతుకు తాను బతికింది.

గోడలో పూడ్చిపెట్టిన విత్తనపు కుండ తీసి, అందులో సగం కొర్రలు గంపకని కొలిచింది. బొజ్జన్న ఎంత తింటాడో ఆమె చేతికి తెలుసు. తినేదానికి ఇంత, మళ్లీ చల్లేదానికి ఇంత, కోడికి ఇంత. హనుమంతమ్మ గడపలో కూర్చుని చూస్తాండాది. బొజ్జన్న తల్లి, అంటే ఈమెకు అత్తా ఆమే, అవ్వా ఆమే. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండాది. ఇంట్లోవాళ్లకు కొలిచినాక ఒక పిడికెడు ఎక్కువ వేస్తారు, ఏ వేళకు ఎవరు వాకిట్లో నిలబడతారో అని. దాన్ని వాకిటి పిడికెడు అంటారు. కరువు ముదిరినాక ఉరుకుందమ్మ అది మానేసింది. అవ్వ మానలేదు. గింజలు లేకపోతే ఉత్త పిడికిలి మూసి, కుండ మీద తెరిచేది.

"వాకిటి పిడికెడు వేసినావా అమ్మీ?"

"ఆ బావిలో మన వాకిటికి ఎవరొస్తారవ్వా? ఒక పిడికెడు పెరిగితే ఒక మడి పెరగాల, ఒక కుండ నీళ్లు పెరగాల. యాడివి? ఒక నోటికి సరిగ్గా చాలేటట్టు కట్టినా. ఎక్కువైనా నిలబడదు, తక్కువైనా నిలబడదు."

అవ్వ లేచి వచ్చి, ఉత్త పిడికిలి గంప మీద తెరిచి పోయింది.

గంపను వేరే తాడుతో దించి, ఆ తాడు కొస గట్టుకు కట్టినారు. ఎట్ల చూసుకోవాల్నో రోజుకో మాటగా బావిలోకి చెప్పింది ఉరుకుందమ్మ. "మామా, నీ నోటికి తప్ప దాంట్లోంచి ఒక్క పిడికెడు కూడా తీయొద్దు. ఒక్క పిడికెడు తీస్తే అంతా పాడవుతాది." అప్పటికి జవాబు రావడానికి వారం పట్టేది. పోనుపోను, పున్నానికి వేసిన కేకకు అమావాస్యకు జవాబు. ఒక సాయంత్రం బొజ్జన్న గొంతు పండగలాగా వచ్చింది. "కొర్ర వెన్ను తీసింది! రెండో కారు కూడా చల్లినా. ఇంక నువ్వు నాకేం పంపే పనిలేదు."

ఆమె సంతోషించింది. సంతోషించి, గట్టున కూలబడింది. తిండి కోసరమైనా పైకి వస్తాడనే చిన్న ఆశ ఉన్నింది ఇన్నాళ్లూ. దాన్ని తన చేతులతోనే గంపలో పెట్టి దించేసింది. ఎంత తెలివితక్కువ పని చేసినానమ్మా అని గుండె బాదుకుంది.

ఆ ఏడు ముంగారు వాన మొహం చాటేసింది. కరువులో అధికమాసం అన్నట్టు రోడ్డు పని కూడా నిలిచిపోయింది. చింతపిక్కలు ఉడకబెట్టుకుని తిన్నారు. అవ్వ మంచం పట్టింది, కళ్లు తెరవడం కూడా మానేసింది. ఉరుకుందమ్మ మిగిలిన విత్తనపు కుండ ముందు శానాసేపు కూర్చుంది. ప్రాణాలు పోతున్నా విత్తనం వండుకోరు ఆ సీమలో. వండుకుంటే ఇంక ఆ ఇంటికి సేద్యం లేనట్టే. ఆమె వండింది. గంజి చేసి అవ్వ నోట్లో పోసింది. అవ్వ బతికింది.

సిగ్గుతో, ఏడుపుతో బావి కాడికి పరిగెత్తి గట్టు పట్టుకుని అరిచింది. "మామా, విత్తనం వండేసినా! మనింట్లో విత్తనం లేదు!"

అరిచినాక గాని తెలిసిరాలేదు ఏం చేసిందో. మరునాడు పొద్దున్నే పోయి గొంతు చించుకుంది. "నేను చెప్పింది పట్టించుకోవద్దు! మీ అమ్మ బాగుండాది! నువ్వు ఒక్క గింజ కూడా తీయొద్దు!" కానీ నిన్నటి మాట ముందు పోతాండాది, ఈ మాట దాని వెనకాల పోతాండాది. బొజ్జన్నేమో మొదటి మాట వినే మనిషి, రెండో మాట వినే మనిషి కాదు.

జవాబు రాలేదు. ఒక దినం పాత తాడు మూడుసార్లు గుంజుకుంది. పైకి లాగమని గుర్తు అది.

"బొజ్జన్న వస్తాండాడు!" అని పెద్ద ఈరన్న తాత అరిచినాడు. ఊరంతా వచ్చింది. ఎద్దులు ఏనాడో సంతకు పోయినాయి గనక మనుషులే తాడు పట్టినారు. దినాల తరబడి వంతులు వేసుకుని లాగినారు. ఆదివారం ఆరాధన ముగించుకుని చర్చి వీధి వాళ్లు వచ్చి చేయి వేసినారు. తాడు బరువే అంతుండాది, కింద ఏముండాదో తెలియదు. అవ్వ లేచి గోడ పట్టుకుని వచ్చి, కొడుకు కాళ్లకు నీళ్లు అని చెంబు వాకిట్లో పెట్టింది.

చిన్న గంప పైకి వచ్చింది. అందులో బొజ్జన్న తలగుడ్డ, మూట కట్టి ఉన్నింది. ఉరుకుందమ్మ ముడి విప్పింది. కొర్రలు. ఒక పిడికెడు.

లాగినోళ్లు నిరాశగా చేతులు దులుపుకున్నారు. ఆమె మాత్రం కదల్లేదు. ఆ గంప లెక్క ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ఈ పిడికెడు పోతే అక్కడ ఒక మడి విత్తనం లేక పడావు. మడి పడావైతే కోడికి పొట్టు లేదు. కోడి లేకపోతే మన్నుకు బలం లేదు, ఆ పై కారు అందదు.

"వాపసు పంపుదాం మ్మే" అంది విశ్వాసమ్మ.

"ఇది చేరేసరికి అక్కడ అదును దాటిపోతాది. నాకోసరం తన నోటికాడిది పంపినాడు విశ్వాసీ. నేను వేయని పిడికెడు మామ వేసినాడు." అని తలగుడ్డ మొహానికి ఒత్తుకుని ఆమె పెద్దగా ఏడ్చింది. విశ్వాసమ్మ కూడా పక్కన కూర్చుని ఏడ్చింది.

నాలుగు దినాలకు పదునంత వాన పడింది. ఎక్కువ కాదు, పిడికెడు కొర్రలకు చాలినంత. ఆమె చల్లింది. కొర్ర మొలిచింది, వెన్ను తీసింది. కోసి, నూర్చి, మళ్లీ విత్తనపు కుండ నింపి గోడలో పెట్టింది. రోజూ కేక వేస్తానే ఉంది, పంట సంగతి చెప్తానే ఉంది. కింద నుంచి గాలి కూడా రాలేదు.

కొత్త కొర్రలు పొయ్యి మీదికి కొలిచిన పూట గడపలోంచి అవ్వ అడిగింది. "వాకిటి పిడికెడు వేసినావా అమ్మీ?"

"వేసినా అవ్వా."

ఇంకో పిడికెడు గింజలు బొజ్జన్న తలగుడ్డలోనే మూట కట్టి బావి కాడికి పోయింది. పెద్ద ఈరన్న తాత గట్టు మీదే ఉన్నాడు. కిత్తనార పక్కన కుప్పగా పడుంది, చేతులు ఒళ్లో ఉన్నాయి.

"ఈ మూట దించాల తాతా. ఇంకెంత తాడు పేనాలో చూడు."

ముసలాయన ఆమె మొహం చూడలేక బావి వైపు చూసినాడు. "వాన పడినప్పటి నుంచి కిందున్న పెద్ద గంప తాడు ఒక్క మూర కూడా అడగలేదమ్మా. తాడు చాలింది."

ఏండ్ల తరబడి చాలని తాడు, దిగడం ఆగితేనే చాలేది. ఉరుకుందమ్మ మూట కట్టింది, తాడు వదిలింది, ఆఖరి దాకా దిగేంతవరకు పట్టుకుని నిలబడింది.

మరునాడు పొద్దున లేచి వాకిలి ఊడ్చింది. రోకలి తీసి కొర్రలు దంచింది. బావి కాడికి మాత్రం పోలేదు.