దర్జీగారి చేప

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికే దర్జీ కొట్టు షట్టరు దించేశాడు. ఇరవై రెండేళ్లలో ఇలా వేళ కాని వేళ దించడం నాలుగోసారో అయిదోసారో. ఎదురుకొట్టు దర్జీ గుమ్మంలోకి వచ్చి మరీ, "ఏంటన్నా, ఒంట్లో బాగాలేదా?" అని పలకరించాడు. ఆ పలకరింపులో జాలెంతో, సంతోషమెంతో తెలుసుకోవడానికి టేపు అక్కర్లేదు. దర్జీ విననట్టే నటించి చేపల కొట్టు దారి పట్టాడు.

సంగతేమిటంటే, పదకొండు రోజులుగా ఇంట్లో భార్య అతనితో ముక్తసరిగా తప్ప మాట్లాడటం లేదు. బస్సులో పద్నాలుగేళ్లు టికెట్లు కొట్టిన మనిషి, నలభై నాలుగో ఏట డ్రైవరు పరీక్షకు కూర్చుని మొదటిసారే నెగ్గింది. డిపోవాళ్లు రెండు చొక్కాలు ఇచ్చారు. ఒక్కో దాంట్లో ఆవిడలాంటి వాళ్లు ఇద్దరు పడతారు. వాటిని బిగించమని సంబరంగా మొగుడి కొట్టుకే పట్టుకొచ్చింది. అప్పుడు కొట్టులో నలుగురున్నారు. నలుగురు కనబడ్డారంటే దర్జీ నోరు ఊరుకోదు.

"బిగిస్తాను గానీ, గుడ్డ ఒక్క అంగుళం కూడా కత్తిరించను. అదనమంతా లోపలికి మడిచి కుడతా. నెల తిరక్కుండా నువ్వు ఈ ఉద్యోగం వదిలేశాక ఏ మగాడికో పనికిరావాలి కదా!" అని తనే ముందు నవ్వాడు. నలుగురూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. చొక్కాలు రెండూ తీసుకుని, రోడ్డు దాటి, అందులో ఒకటి ఎదురుకొట్టులో ఇచ్చేసింది. దర్జీ పెళ్లాం చొక్కా ఎదురుకొట్టులో! వీధి వీధంతా చూసింది. రెండోది ఇంటికి తెచ్చి కవరుతో సహా బీరువా మీద పెట్టింది.

అప్పటినుంచీ దర్జీ ప్రాణమంతా ఆ కవరు మీదే ఉంది. అది తన చేతికి వస్తే క్షమించినట్టు. అదీ ఎదురుకొట్టుకే వెళ్లిందా, ఇక ఆ వీధిలో తలెత్తుకోలేడు. పరువు మాట అలా ఉంచితే, ఆవిడ మాట్లాడకపోతే ఇల్లు ఇల్లులా లేదు. "తప్పయింది" అన్న మాట గొంతుదాకా వస్తుంది, అక్కడ ముడిపడుతుంది. ఇవాళ ఆవిడ మొదటిసారి ఒంటరిగా బస్సు తీసింది. సాయంత్రం ఏడింటికి ఇంటికి చేరుతుంది. నోరు చెప్పలేనిది చేపతో చెప్పిద్దామని అతని ఆలోచన.

వంటగదిలో కూతురు ఫోనులో చేప వండే పద్ధతి తీసి, చదవడానికి సిద్ధంగా ఉంది. కాలేజీ చదువుతున్న పిల్ల, తండ్రి వంట చేయడం చూడాలని ట్యూషను ఎగ్గొట్టింది. అత్తగారిని మాత్రం దర్జీ ముందుగదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఎవరైనా ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం ఆవిడ. "మీరు విశ్రాంతి తీసుకోండి అత్తయ్యగారూ, ఒక్క మాట సాయం కూడా చేయొద్దు. ఇది నేనే చేయాలి" అన్నాడు. ఆవిడ సరేనని, కుర్చీని వంటగది కనబడేలా జరుపుకుంది.

మొదటి చిక్కు ట్రే దగ్గర వచ్చింది. దర్జీ మెడలోని టేపు తీసి కొలిచాడు. చేప పదహారంగుళాలు, ట్రే పద్నాలుగు.

"తోక కోసేద్దాం నాన్నా."

"కోస్తారా ఎక్కడైనా? ఐమూలగా వేస్తే సరి. గుడ్డ చాలనప్పుడు ఏం చేస్తామనుకున్నావు?"

ఐమూలగా పెడితే చేప నిజంగానే సరిపోయింది. దర్జీకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. గాట్లు పెట్టమని కూతురు చదివితే, అంగుళమున్నరకొకటి చొప్పున రెండు వైపులా గీసినట్టు పెట్టాడు. కాజాలు కుట్టినా అంత వరసగా రావు. పెరుగులో అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, పసుపు, ధనియాల పొడి, జీలకర్ర పొడి కలిపాడు. నిమ్మకాయ పిండాడు, నూనె పోశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తే, తన మీద తనకే ముచ్చట వేసింది.

"ఇప్పుడు ఉప్పు. తగినంత అని రాశారు" అంది కూతురు.

"తగినంత అంటే ఎంత? అంకె వేయలేదా?"

"వేయలేదు. ఎవరికి వాళ్లే చూసుకోవాలట."

ముందుగదిలోంచి, "అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అంటుంది ఉప్పు. అల్లుడుగారూ, దాని దగ్గర మాత్రం..." అని అత్తగారు మొదలుపెట్టింది.

"అత్తయ్యగారూ! మాటిచ్చారు."

ఆవిడ నోటికి తాళం వేసుకుంది.

దర్జీ ఉప్పు డబ్బా ముందు నిలబడి ఆలోచించాడు. తన పనిలో మొదటి సూత్రం ఒకటుంది. గుడ్డ తక్కువ పడితే ఎక్కడినుంచీ తేలేం, ఎక్కువుంటే ఎప్పుడైనా తగ్గించుకోవచ్చు. అందుకే ఏది కుట్టినా కుట్టు లోపల రెండు వేళ్లంత వదులుతాడు. ఇరవై రెండేళ్లుగా ఆ సూత్రం అతన్ని ఒక్కసారి కూడా మోసం చేయలేదు. రెండు చెంచాల ఉప్పు వేశాడు. వదులు కోసమని ఇంకో రెండు వేశాడు. గాట్లలోకి కూడా దట్టంగా కూరి, అరగంట నానబెట్టి, ఓవెన్‌లో పెట్టాడు.

ఏడుంబావుకు ఆవిడ వచ్చింది. ఎదురుకొట్టు చొక్కా ఒంటిమీదే ఉంది. ముఖం అలసిపోయి, కళ్లు మాత్రం వెలుగుతున్నాయి. ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది.

"అమ్మా, ఎలా నడిచింది బస్సు?" అంది కూతురు.

"నడిచింది. దారిలో ఒక్కసారీ ఆగలేదు. దిగేటప్పుడు ఒక పెద్దాయన నమస్కారం పెట్టి మరీ దిగాడు" అంది. ఆ తర్వాత బల్ల మీద చేపను, దాని పక్కన మసాలా అంటుకున్న మొగుణ్ణి చూసింది. "ఇదెవరు చేశారు?"

దర్జీ ఆవిడకు కుర్చీ లాగాడు. చేప పైన ఎర్రగా కాలి, గాట్ల దగ్గర తెల్లగా విచ్చుకుంది. చూడ్డానికి నిజంగా ముద్దొచ్చేలా ఉంది. నలుగురి కంచాల్లో ముక్కలు వేసి, ఆవిడ నోటికేసే చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ ఒక్క ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. నెమ్మదిగా మింగి, మంచినీళ్లు తాగింది. అత్తగారు ఒక్క గుక్కలో గ్లాసు ఖాళీ చేసి తన కూతురి గ్లాసు అందుకుంది. మనవరాలు తల కంచంలోకి దించేసింది గానీ, భుజాలు ఊగిపోతున్నాయి.

దర్జీ గబగబా తనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. సముద్రంలో బతికినప్పుడు కూడా ఆ చేప అంత ఉప్పు చూసి ఉండదు.

"ఎన్ని చెంచాలు?" అంది భార్య.

"నాలుగు. రెండు చాలు, రెండు వదులుకి. ఎక్కువైతే తర్వాత..."

"తర్వాత ఏం చేస్తారు? కుట్టు విప్పి తీసేస్తారా?"

ఇక కూతురు ఆపుకోలేకపోయింది. అత్తగారూ కొంగు అడ్డం పెట్టుకుంది. పదకొండు రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినబడింది, అదీ దర్జీ మీద. నలుగురిలో నవ్వులపాలవడం ఎలా ఉంటుందో అతనికి అప్పుడు తెలిసింది. అయినా వీళ్లంతా ప్రేమగా నవ్వుతున్నారు. ఆ రోజు కొట్టులో తను నవ్వింది ఇలా కాదు.

"గుడ్డయితే తగ్గించొచ్చు. ఉప్పు తగ్గించలేం" అన్నాడు. "ఆ రోజు నేనన్న మాట కూడా అంతే. ఎంత వద్దనుకున్నా తిరిగి తీసుకోలేను. తప్పు నాదే. నువ్వు నెగ్గావని నాకు గర్వంగా ఉండాల్సింది, నవ్వొచ్చింది. సిగ్గుగా ఉంది."

ముడి విడిపోయింది. అత్తగారు కొంగు దించి, ఏదో అనబోయి, ఈసారి ఎవరూ చెప్పకుండానే ఊరుకుంది.

భార్య కూతురి వైపు తిరిగి, "ఇంకో రెండు గ్లాసుల బియ్యం పెట్టవే, ఉప్పు లేకుండా" అంది. "తీయలేనిదాన్ని పంచుకోవాలి. ముళ్లు తీసి, అన్నంలో కలిపి, నిమ్మకాయ పిండుకుంటే పోతుంది."

అన్నం ఉడికాక కలిపింది. అంత అన్నంలోకి వెళ్లేసరికి చేప దారికొచ్చింది. కారం, నిమ్మపులుపు, కాలిన పెరుగు రుచి ఒక్కొక్కటే బయటపడ్డాయి. అత్తగారు మారు వడ్డించుకుని, "చెయ్యి మంచిదే అల్లుడుగారూ, చెంచానే పెద్దది" అంది.

కంచాలు తీశాక భార్య గదిలోకి వెళ్లింది. బీరువా తలుపు చప్పుడు కాలేదు, పైన కవరు చప్పుడైంది. దర్జీ చేతిలోని గిన్నె అలాగే ఉండిపోయింది. ఆవిడ వచ్చి కవరు బల్ల మీద పెట్టింది.

"ఎదురుకొట్టాయన ఈ చొక్కాకి చేతులు పొడుగు ఉంచేశాడు. స్టీరింగు తిప్పుతుంటే అడ్డమొస్తున్నాయి. ఇదైనా సరిగ్గా కుట్టండి. ఎల్లుండికి కావాలి."

దర్జీ చేతులు కడుక్కుని, తుడుచుకుని, టేపు తీశాడు. భుజం నుంచి మణికట్టు దాకా కొలిచాడు. కూతురు పుట్టకముందు రవికలకు కొలిచిన చెయ్యే, ఇప్పుడు మణికట్టు దగ్గర గట్టిపడింది. గుర్తులు పెట్టుకుని ఆ పూటే మిషను ముందు కూర్చున్నాడు. పక్క కుట్లు బిగించాడు. లోపల నాలుగు వేళ్ల అదనపు గుడ్డ మిగిలింది.

ఆవిడ పక్కనే నిలబడి చూస్తోంది. దర్జీ కత్తెర తీసుకుని ఆ గుడ్డను కుట్టు పొడవునా కత్తిరించేశాడు. పీలికలు నేల మీద పడ్డాయి.

"అయ్యో, అంతా కోసేశారేంటి? ఇంక ఎవరికీ పనికిరాదు."

"ఎవరికీ ఇవ్వక్కర్లేదుగా" అన్నాడు దర్జీ.

ఆవిడ వంగి పీలికలు ఏరింది. "రేపు నేను లావైతే?"

"కొత్తది కుడతాను."

"కుట్టండి" అంది ఆవిడ. "వంట మాత్రం నేను చూసుకుంటా."