రెండు వందల పదో ఫ్రేము

కోట గోడ మళ్లీ జారింది. అనుపమ మౌసు వదిలేసి కళ్లు మూసుకుంది.

నాందేడ్‌లోని ఒక చిన్న గ్రాఫిక్స్ స్టూడియోలో ఆమె ఉద్యోగం. తండ్రి రైల్వే పనిమీద నిజామాబాద్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. షూటింగులో కెమెరా ఎటు కదిలిందో, ఎంత ఊగిందో వెంట్రుకవాసి తేడా లేకుండా కంప్యూటర్లో పట్టుకోవడం ఆమె పని. అది కుదిరితేనే లేని కోటను తెచ్చి నేలమీద నిలబెట్టగలరు. కుదరకపోతే కోట పడవలా తేలుతుంది.

ఈ షాట్ ఒక వెబ్ సిరీస్ కోసం భోకర్ దగ్గర పత్తిచేలో తీసింది. హీరో పరిగెడుతుంటే కెమెరా చేతబట్టుకుని కాశీనాథ్ వెంటపడ్డాడు. ఆ సిరీస్ తీసేదీ, ఎడిట్ చేసేదీ అతనే. ఎక్కడా ఆపకుండా ఒక్క ఊపులో తీశానని కనబడ్డవాళ్లకల్లా చెప్పుకుంటున్నాడు.

గాలికి ఊగే పత్తి మొక్కల మీద కంప్యూటర్ పెట్టుకున్న గుర్తులన్నీ అనుపమ ఏరి పారేసింది. కదలని గట్టురాళ్లు, కరెంటు స్తంభాలే ఉంచింది. మధ్యలో తెరనిండా దుమ్ము లేచేదాకా గోడ కదల్లేదు. రెండు వందల పదో ఫ్రేము దగ్గర దుమ్ము విడిపోగానే పక్కకు జారింది. ఎనిమిది రోజులుగా ఇదే వరస.

నడుమ లెన్స్ ఏమైనా మారిందా అని కబురు పెట్టినందుకు కాశీనాథ్ స్టూడియోకే వచ్చి, అందరి ముందూ ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఇరవై ఏండ్ల సంది కెమెరా పడ్తున్న. ఏసీల కూసొని నాకు లెన్స్ పాఠం చెప్తున్నవా?"

యజమాని జగదీశ్వర్ అతనికి చాయ్ తెప్పించాడు. తిట్టేటప్పుడు మరాఠీలోకి దిగడం జగదీశ్వర్ అలవాటు. సోమవారానికి కాకపోతే షాట్ హైదరాబాద్‌లో వేరే స్టూడియోకు పోతుందని, ఆమె కూడా వేరే పని వెతుక్కోవచ్చని మరాఠీలోనే చెప్పాడు.

ఆదివారం పొద్దున అనుపమ కొలత టేపు పట్టుకుని భోకర్ బస్సెక్కింది. స్తంభాల మధ్య అసలు దూరం తెలిస్తే లెక్కకు ఆసరా దొరుకుతుంది. పత్తి ఏరుతున్న చంద్రభాగ అనే కూలామె వచ్చి టేపు రెండో కొస పట్టుకుంది. సినిమావాళ్ల మనిషివేనా అని అడిగింది. అవుననగానే చంద్రభాగ మొహం మాడింది.

"గా కెమెరాయన గీ సాల్లనే బోర్ల పడ్డడు. ముందటి అద్దం పలిగింది. అన్నం తిన్నంక ఇంకోటి పెట్టి, దుమ్ము లేపి, మిగిలింది తీసిండ్రు. ఎవ్వలకు చెప్పొద్దన్నడు. మేం ఏరిన పత్తి తొక్కుకుంట పోయిండు, ఒక్క మాట గూడ అన్లే."

సోమవారం ఆమె షాట్ మళ్లీ తెరిచింది. దుమ్ముకు ముందు స్తంభం నీడ ఎడమకు పడింది. తర్వాత కుడికి పడింది. ఇన్నాళ్లూ గుర్తుల మీదే చూపు పెట్టి దాన్ని చూడనందుకు తనమీద తనకే ఒళ్లు మండింది. షాట్‌ను అక్కడ రెండుగా కోసి, రెండు వేర్వేరు కెమెరాలుగా లెక్క కట్టి, కొలిచిన స్తంభాల ఆధారంగా రెంటినీ ఒకే నేలమీద కూర్చింది. సాయంత్రానికి గోడ నిలబడింది.

కాశీనాథ్, జగదీశ్వర్ ఇద్దరూ వచ్చి చూశారు. ఎవరూ బాగుందనలేదు. షాట్ వివరాల్లో 'రెండు టేకులు, రెండు లెన్సులు' అని ఆమె రాసింది చూసి జగదీశ్వర్ గొంతు తగ్గించాడు.

"గది తీసెయ్. సారుతోని ఇంక నలభై షాట్లున్నయ్."

"నేను తియ్య సార్. రేపు ఇంకెవరన్న గీ షాట్ తెరిస్తే, వాళ్లు గూడ ఎనిమిది దినాలు సావాల్నా?"

"ఎవడు చెప్పిండు నీకు?" అన్నాడు కాశీనాథ్.

అనుపమకు చంద్రభాగ గుర్తొచ్చింది. "ఎవ్వలు చెప్పాల్సిన పన్లేదు. స్తంభం నీడ చూడుండ్రి," అంది.

అతను చూశాడు. పూర్తయిన షాటున్న తన హార్డ్ డిస్క్ పీక్కుని వెళ్లిపోయాడు. ఆ నలభై షాట్లూ హైదరాబాద్ పోయాయి. ఆ పని చేయగలవాళ్లు ఊళ్లో ఇంకెవరూ లేరు గనక జగదీశ్వర్ ఆమెను తీసేయలేదు. నెలరోజులు మాట్లాడలేదు, అంతే.

ఆ భాగం విడుదలైన రోజు అనుపమ ఫోన్లో చూసింది. గోడ ఇసుమంత కూడా కదల్లేదు. చివర పేర్లలో తన పేరు లేదు. ఒక్క ఊపులో తీసిన షాట్ అంటూ కింద కామెంట్లలో జనం కాశీనాథ్‌ను పొగుడుతున్నారు.