ఊరికే వచ్చిన చిప్స్

గిరాకీ లేని మధ్యాహ్నాలు టైలరు కుట్టుమిషనుకి ఫోను ఆనించుకుని ఆన్‌లైన్‌లో పోకర్ అనే పేకాట నేర్చుకుంటున్నాడు. డబ్బు పెట్టి ఆడేది కాదు, యాప్ రోజూ ఉచితంగా పంచే చిప్స్‌తో, అంటే ఉత్తుత్తి పందెం బిళ్ళలతో ఆట. చేతిలో మంచి ముక్కలు లేకపోయినా ఉన్నట్టు పెద్ద పందెం కాస్తే ఎదుటివాళ్ళు జడిసి ముక్కలు పడేస్తారని ఎక్కడో చదివాడు. వారంనుంచీ అదే పని. ఒక్కడూ జడవలేదు సరికదా, ఉన్న చిప్స్ అన్నీ ఊడ్చుకుపోయారు.

"బుద్ధిలేని వెధవలు! ఇంత పందెం కాస్తే భయం ఉండక్కర్లా?" అని ఫోను మీద కస్సుమన్నాడు.

పక్కన కాజాలు కుడుతున్న బావమరిది తలెత్తలేదు. "ఓడితే వాళ్ళకేం పోతుంది బావా? పొద్దున్నే మళ్ళీ ఊరికే ఇస్తారు. పోయేదేం లేనివాణ్ణి బెదిరించి లాభం లేదు. మంచి ముక్కలు పడేదాకా నోరు మూసుకుని కూర్చో."

"నువ్వా నాకు చెప్పేది!" అన్నాడు టైలరు.

సాయంత్రం ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైంది. ఇరవై ఏళ్ళ అలవాటుకొద్దీ అతను కంచం ముందుకు తోసి, "నాకీ భోజనమే వద్దు" అన్నాడు.

"సరే" అంటూ భార్య గిన్నెల మీద మూతలు పెట్టేసింది.

టైలరు ఆ మూతల వంక కాసేపు చూశాడు. మాడేది తన కడుపే. కంచం మెల్లిగా మళ్ళీ తనవైపు లాక్కున్నాడు.