తొమ్మిదో మంచం ప్లేట్లు

మార్చి పదకొండు. ఆ పొద్దున అతను తిన్నది రెండు ఉడికించిన గుడ్లు, సగం అరటిపండు. మిగతా సగం సహించలేదు. ముప్పై రెండేళ్ల ల్యాబ్ ఉద్యోగానికి అదే ఆఖరి రోజు. అతని ధ్యాసంతా మాత్రం రాత్రంతా ఇంక్యుబేటర్ వెచ్చదనంలో రెండు ప్లేట్లలో పెరిగిన బ్యాక్టీరియా మీదే ఉంది.

తొమ్మిదో మంచం మీద ఒక పంతులమ్మ. ఆపరేషన్ తర్వాత ఆసుపత్రిలోనే అంటుకున్న బ్యాక్టీరియా ఆమె రక్తంలో చేరింది. ఫలానా మందు పనిచేస్తుందని ల్యాబ్ రాసిచ్చింది. మూడు రోజులైనా జ్వరం దిగలేదు, మనిషి స్పృహ తప్పుతోంది.

ప్లేటులో బ్యాక్టీరియా గుంపులుగా పెరిగి మొలిచిన చుక్కల్లో పెద్దగా మెరిసేదాన్ని ఒక్కదాన్ని తీసి పరీక్షించడం అక్కడి అలవాటు. అందరికీ అది నేర్పింది అతనే. నిన్న ఎందుకో ఆమె రక్తం వేసిన పాత ప్లేటును వెలుతురుకు వంచి చూశాడు. పెద్ద చుక్కల సందుల్లో ఆవగింజలో సగం కూడా లేని మసక చుక్కలు! పెద్దవాటిని ఒక ప్లేటులో, వీటిని ఇంకో ప్లేటులో పరీక్షకు పెట్టి వెళ్లాడు.

ఇప్పుడు రెండూ బయటికి తీశాడు. పెద్దవాటి ప్లేటులో పెట్టిన మందు బిళ్లల చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయాలు. చిన్నవి మాత్రం ఇస్తున్న మందు బిళ్ల అంచుదాకా పచ్చికలా కమ్ముకున్నాయి. అయితే ఓ మూల, డాక్టర్లు రాయడం మానేసిన పాత మందు బిళ్ల చుట్టూ అద్దంలాంటి వలయం! పెద్దవాటి ప్లేటులోనూ అంతే. స్కేలు పెట్టి రెండుసార్లు కొలిచాడు. పంతులమ్మను చూస్తున్న డాక్టరుకు ఫోను చేశాడు.

"డాక్టరమ్మా, ఉన్నపళంగా రండి!"

"ఏంటి బాబాయ్, మేం లేకుండానే కేకు కోసేశారా?" అంటూనే వచ్చిందామె.

"కేకు సంగతి తర్వాత. మీ మందు పెద్దవాటినే చంపుతోంది. చిన్నవి దర్జాగా కాపురం పెట్టాయి."

"రెండు జాతులా?"

"ఒకటే. ఒక తల్లి పిల్లలేనమ్మా. ఒకడు మాట వింటాడు, ఇంకోడు మొండిఘటం. నేను మాట వినేవాణ్ణి మాత్రమే అడిగి రాసిచ్చాను. తప్పు నాదే."

"తర్వాత తిట్టుకుందురు గానీ, ఈ పాతదానికి ఇద్దరూ లొంగుతారా?"

"లొంగుతారు. నా మాట నమ్మొద్దు, కొలుచుకోండి."

ఆమె కొలిచింది. మందు మార్చడానికి మెట్లు రెండేసి చొప్పున ఎక్కిపోయింది.

సాయంత్రం ఆరింటికి ఫోను మోగింది. "జ్వరం ఒక డిగ్రీ దిగింది బాబాయ్! కూతుర్ని గుర్తుపట్టి, 'నా దువ్వెన ఏదే?' అని కసిరిందట!"

అతను ఒక్కడే పకపకా నవ్వాడు. దువ్వెన అడిగిందంటే రేపటి గురించి ఆలోచిస్తోందన్నమాట. 'చిన్నవాటినీ తీయండి' అని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాడు. పక్క గదిలో అందరూ కేకు తింటూ కేకలేస్తుంటే, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

ఊడ్చే ఆమె దీపమార్పి, తలుపు చప్పుడు కాకుండా మూసింది. లోపల బల్ల కింద, మడమలు అరిగిన అతని ల్యాబ్ చెప్పులు ఇంక్యుబేటర్ వైపే తిరిగి ఉన్నాయి.