దుప్పటికి అవతలి అంచు

టోవె తడి దుప్పటి మూలలు రెండూ దొరకబుచ్చుకుని ఒక్క విదిలింపు విదిలించింది. అవతలి అంచు ఎలిన్ అందుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని ఇస్త్రీ మిషను వేడి రోలరు నోటికి అందించారు. హోటళ్ళవి, ఆసుపత్రులవి, ఎవరెవరో పడుకుని లేచిన దుప్పట్లు. చిన్న వయసులో ఈ లాండ్రీలో చేరిన టోవెకి జుట్టు ఈ ఆవిరిలోనే నెరిసింది. పొడుగు మనిషి; మిషను మీదికి వంగీ వంగీ భుజాలు ముందుకు పడ్డాయి. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం ఎర్రగా పగిలి ఉంటుంది. మొగుణ్ణి పాతిపెట్టిన మర్నాడే పనిలోకి వచ్చింది. ఇంట్లో చేతులకి ఏం పని చెప్పాలో తోచలేదు.

వెనక ఈల వినబడింది. కుక్కను పిలిచే ఈల. సూపర్‌వైజరు ఫ్లెమింగ్. నున్నటి మొహం, చవక సెంటు, ఎక్కడ వాలదామా అని వెతికే ఈగ చూపు. లారీల దగ్గరి మగాళ్ళ జోలికి పోడు. ఎదురు చెప్పలేనివాళ్ళనే ఏరుకుంటాడు. ఎలిన్‌కి మాట తడబడుతుంది. అందుకని ఆమె వాడికి మరీ ముద్దు.

టోవె ఎన్నోసార్లు యజమాని ప్రేబెన్‌తో చెప్పింది. ప్రతిసారీ అతను కాఫీ పోశాడు, తలూపాడు, చూస్తానన్నాడు. చూసి చేసిందల్లా ఫ్లెమింగ్‌కి రెండో షెడ్డు కూడా అప్పగించడం. యూనియన్ ప్రతినిధికి చెప్పుకుందామంటే, ఆయన ఆదివారాలు ఫ్లెమింగ్‌తోనే వేటకి పోతాడు.

ఇవాళ ఫ్లెమింగ్‌కి దుప్పటిలో ఒక మడత కనబడింది. ఆ దుప్పటి తీసి ఎలిన్ తల మీద కప్పాడు.

"పెళ్ళికూతురు. ఏదీ, పెళ్ళికి 'సరే' అను. సాయంత్రం లోపల అనగలవా?"

ఫోను తీసి ఫొటో కొట్టాడు. నలుగురూ భయానికి నవ్వారు. దుప్పటి కింద ఎలిన్ కూడా నవ్వింది. ఆ నవ్వునే టోవె భరించలేకపోయింది. మిషను ఆపేసి, ఏప్రన్‌తోనే ప్రేబెన్ గదికి నడిచింది.

ప్రేబెన్ అంతా విని, కాఫీ ఫ్లాస్కు కోసం చెయ్యి చాపాడు. "ఫ్లెమింగ్ సరదా మనిషి, టోవె. నువ్వే కాస్త మనసు పెద్దది చేసుకోవాలి."

టోవె అతన్ని తీరిగ్గా చూసింది. వీడి తండ్రి యజమానిగా ఉన్న రోజుల్లో గొంతు చించుకుని అరిచేవాడు, కానీ మనిషి తక్కువైతే తనే వచ్చి దుప్పటి పట్టేవాడు. వీడికి కాఫీ పోయడం ఒక్కటే వచ్చు.

"ఇన్నాళ్ళూ వాడే నీచుడనుకున్నాను," అంది మెల్లగా. "వాడు నువ్వు పెంచుకున్న కుక్క. కరవడానికే పెట్టుకున్నావు. కాఫీ నువ్వే తాగు."

తిరిగి వచ్చేసరికి ఎలిన్ ఆగిన మిషను దగ్గరే నిలబడి ఉంది.

"నేను పని మానేసి పోతున్నా. వస్తావా?"

"మా... మా ఆయన మంచాన పడి ఉన్నాడు, టోవె. నేను రాలేను."

టోవె తలూపింది. ఎలిన్ మీద కోపం రాలేదు. మిషను మళ్ళీ వేసి, ఆ మడత పడ్డ దుప్పటిని ఇద్దరూ కలిసి రోలరుకి అందించారు. అది సాపుగా బయటికి వచ్చాక టోవె ఏప్రన్ విప్పి, కోటు తగిలించుకుని, వానలోకి వెళ్ళిపోయింది.

ఆమె చోటికి రమ్మని ఫ్లెమింగ్ పిలిస్తే ఎవరూ కదల్లేదు. అందరికీ తమ తమ పనులు గుర్తొచ్చాయి. హోటలు లారీ బయట హారన్ కొడుతోంది. చివరికి ఫ్లెమింగే చొక్కా చేతులు మడిచి దుప్పటి పట్టుకున్నాడు. అది వంకరగా పోయింది. రెండోదీ అంతే. అవతలి అంచున ఎలిన్ తన మూలను చక్కగా పట్టుకుని, వాడి మొహంలోకి చూస్తూ నిలబడింది. వాడికి ఈల రాలేదు.

భోజనాల గదిలో కిటికీ పక్కన టోవె తెచ్చుకున్న భోజనం డబ్బా అలాగే ఉంది. అందులో నల్ల రొట్టె, దాని మీద రాసిన కాలేయపు ముద్ద, పైన రెండు దోసకాయ ముక్కలు, మూతకి లోపల సన్నటి చెమ్మ.