పెళ్లిగదిలో చీపురు చప్పుడు

ఆఫ్రికా తూర్పు తీరాన లామూ పట్నంలో సాయంత్రపు అసర్ నమాజు ముగిసే వేళకు బీ ఖోలా ఇంటి మేడమీద చీపురు చప్పుడు మొదలయ్యేది. ఊడ్చేది ఎప్పుడో చనిపోయిన ఆ ఇంటి దాసి. మనిషి కనపడదు. నేలను రాసుకుంటూ పోయే చప్పుడు, దాని వెనకే తళతళలాడే గచ్చు. కాఫీకి వచ్చిన చుట్టాలు మాట ఆపకుండానే కాళ్లు పైకెత్తి, చప్పుడు దాటాక దించుకునేవారు.

ఆ ఏడు వానలు వెలిశాక బీ ఖోలా కూతురు స్వాబ్రాకు మేనమామ కొడుకుతో పెళ్లి కుదిరింది. స్వాబ్రా వారం రోజులు సరిగా అన్నం ముట్టలేదు. ఆమె మనసు లంగోని పేటలో సున్నం పనిచేసే కొంబో మీద ఉందని ఊరంతటికీ తెలుసు.

"దాసీల సంతతికి పిల్లనిస్తే మా తాతలు సమాధుల్లోంచి లేచొస్తారు," అని తల్లి తేల్చేసింది. పైగా పెళ్లిగది గోడగూళ్లకు సున్నం పూయడానికి అతణ్నే పిలిపించింది. అంత నున్నగా పూసేవాడు ఊళ్లో ఇంకొకడు లేడు మరి.

"ఎవరి పెళ్లికి పూస్తున్నావో తెలుసుగా?" అంది గుమ్మంలో నిలబడి.

"తెలుసమ్మగారూ. అందుకే రెండు పూతలు ఎక్కువేస్తున్నా. పెచ్చులూడితే ఆ పిల్ల కళ్లల్లో పడతాయి."

పనిచేస్తూ కొంబో ఏదో కూనిరాగం తీశాడు. వాళ్ల అవ్వ పిండి దంచుతూ పాడే పాట. ఎక్కడో పడమటి సరస్సుల అవతలి భాష, దాని అర్థం ఆ అవ్వకు కూడా తెలియదు. చీపురు చప్పుడు మెట్లెక్కి గదిలోకి వచ్చి, అతని వెనక టక్కున ఆగిపోయింది. రెండో చరణాన్ని బొంగురుపోయిన ఆడగొంతు అందుకుంది.

బీ ఖోలా పుట్టి అరవయ్యేళ్లయింది, ఆ మనిషి గొంతు వినడం అదే మొదలు.

"మా అవ్వ పాట ఈవిడకెలా వచ్చు?" అన్నాడు కొంబో, తాపీ కింద పెట్టి.

బీ ఖోలాకు తెలుసు. తన ముత్తవ్వ పెళ్లికి ఈ దాసి నాలుగేళ్ల కూతుర్ని షేలా గ్రామంలోని వియ్యాలవారికి కానుకగా పంపేశారని చిన్నప్పుడు వింది. కొంబో వాళ్లు ఆ షేలా నుంచి వచ్చినవాళ్లే. "నాకేం తెలుసు!" అంది చూపు తిప్పుకుని.

అతను ఆమె మొహంకేసే చూశాడు. చూసి, సంగతి గ్రహించి, ఖాళీగా ఉన్న చోటికి చెయ్యి చాపాడు. "అవ్వా, మనింటికి పోదాం రా."

మెట్లమీద ఇద్దరి అడుగులు దిగిపోయాయి.

మర్నాడు చీపురు చప్పుడు లేదు. చుట్టాలు అలవాటు కొద్దీ కాళ్లెత్తి, సిగ్గుపడి దించుకున్నారు. ఆ మర్నాడు పొద్దున చూస్తే, గచ్చుమీది దుమ్ములో చిన్న చిన్న పసిపాదాల గుర్తులు. వంటింటి నుంచి వీధిగుమ్మం దాకా. తిరిగొచ్చిన అడుగు ఒక్కటీ లేదు. తుడిపిస్తే మళ్లీ పడ్డాయి.

"ఇన్నేళ్లూ ఆవిడ ఊడ్చింది వీటినా అమ్మా?" అంది స్వాబ్రా.

నాలుగోరోజు బీ ఖోలా నల్లముసుగు కప్పుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి లంగోని దారి పట్టింది.

కొంబో అవ్వ మ్వానసితి చాప వేసింది. జరిగినదంతా బీ ఖోలా తల వంచుకునే చెప్పింది, ఆ కానుక సంగతితో సహా. "మా పిల్లనిస్తాం, పుచ్చుకోండి," అంది చివరికి.

"ఇవ్వడం మీ ఇష్టం, సరే. ఆవిడ ఒప్పుకోవాలిగా," అని ముసలమ్మ మూలకేసి తల ఊపింది.

బీ ఖోలా అటు తిరిగింది. ఏమని పిలవాలి? ఆ ఇంట్లో ఎవరూ ఆమెను పేరుపెట్టి పిలిచి ఎరగరు.

"నీ పేరేంటమ్మా?"

మూలనుంచి బొంగురుగొంతు ఒక పేరు చెప్పింది. ఆ తీరంలో ఎవరూ పెట్టుకునే పేరు కాదది. బీ ఖోలా తప్పు పలికింది. గొంతు దిద్దింది. మళ్లీ తప్పింది, మళ్లీ దిద్దింది. మూడోసారికి గాని నోరు తిరగలేదు.

మూలలోంచి, ఎన్నాళ్ల బరువో దించుకున్నట్టు, పొడుగాటి నిట్టూర్పు వినిపించింది.

మ్వానసితి కొంగుతో కళ్లు తుడుచుకుని, "పెళ్లి ఏ నెల్లో పెట్టుకుందాం?" అంది.