పటం కింద యాభై డిగ్రీలు

యాభై, మళ్ళీ యాభైయే, తప్పు చూపేదయితే మంచు నీళ్ళలో ముంచినప్పుడు సరిగ్గా సున్నా ఎందుకు చూపుతుంది, చంకలో పెట్టుకుంటే ముప్పై ఆరు ఎందుకు చూపుతుంది, సెన్సార్ మంచిదే, వైరు కూడా మార్చాను, మరి గదిలో యాభై డిగ్రీల వేడి ఉంటే రంగు వేసిన నూలుకు ఈ ముక్కిన వాసన ఏమిటి, బయట ముసురు, కొత్తవాడలో ఏ వాకిట్లోనూ ఒక్క చిలప నూలు ఆరేసి లేదు, మా ఇంట్లోనే ఈ హీటర్, పాత కరెంటు పొయ్యి తీగచుట్టను ఇటుకల మధ్య బిగించి నేనే చేశాను, యాభై దాటితే దానంతటదే ఆగిపోతుంది, బాపు ఎంత మురిసిపోయాడో, సెన్సార్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, మా కులదైవం మార్కండేయుడి పటం కింది మేకుకు తనే వేలాడదీశాడు, పక్కింటి యాదవ్వ నవ్వింది, మిషిన్‌కు బొట్టు పెడుతాన్రు గద పిల్లా, నూలుకు గూడ జర పెట్టున్రి, ఆరుతదేమో అని.

నూలు ఆరలేదు, నేసిన జంపఖానాల్లో ఎరుపు తెలుపులోకి పాకింది, సరుకంతా వాపసొచ్చింది, మిషిన్ యాభై అంటాంది, ఇంక ఆరకపోవుడేంది, నీ వదినె రంగు సక్కగ ఉడకబెట్టలే అన్నాడు బాపు, అన్న సోలాపూర్ మరమగ్గాల దగ్గరున్నాడు, వదిన తరఫున మాట్లాడేవాళ్ళు లేరు, పొద్దున నెక్కొండకు, వదిన వాళ్ళ నాన్నకు ఫోన్, మొగిలయ్య బావా, బిడ్డను తీస్కపో, పని మీద మనసు లేదు దానికి, ఆయన సాయంత్రం బండికి వస్తాడు, అవతలి అర్రలో భవాని వదిన చీరలు మడిచి సంచిలో సర్దుతోంది, మణికట్ల దాకా ఎరుపెక్కిన చేతులు, ఏడుపు వినబడితే బాగుండును, మడత చప్పుడే వినిపిస్తోంది.

మొహం మండుతోంది, వీపు చల్లగా ఉంది, ఎందుకు, తీగచుట్ట ఎర్రగా నా మొహంలోకే చూస్తోంది, తొర్రూరు దగ్గర అమ్మమ్మ ఊరి బడిలో రమ టీచర్ థర్మామీటరును ఎండలో పెట్టనిచ్చేది కాదు, నీడకు పట్టుకోవే, ఎండల పెడితే అది ఎండనే కొలుస్తది, అనేది, ఎండ, నీడ, అన్నం పళ్ళెం తెచ్చి తీగచుట్టకూ సెన్సార్‌కూ మధ్య అడ్డం పట్టాను, నలభై ఆరు, నలభై, ముప్పై ఐదు, గది అదే గది, పళ్ళెం తీస్తే మళ్ళీ పైకి, ఇన్నాళ్ళూ ఇది గదిని చూడనే లేదు, ఎదురుగా ఎర్రబడ్డ తీగనే చూసి చాలు చాలని హీటర్‌ను ఆపేస్తోంది.

మేకు నుంచి తీశాను, పటం కింది నుంచి తీస్తానవేంది బిడ్డా అని బాపు గుమ్మంలో నిలబడ్డాడు, నేను వైరు పొడుగునా నడిచి నూలు వేలాడే అవతలి మూలకు పోయాను, అంకెలు దిగుతూ దిగుతూ ఇరవై ఎనిమిది దగ్గర నిలిచాయి, బాపూ, జర ఇటొచ్చి ఈ నూలు పట్టుకో అన్నాను, వచ్చాడు, పట్టుకున్నాడు, అరచేతికి తడి అంటింది, గోడ వైపు తిరిగాడు, భవానీ, ఆ సంచి లోపట పెట్టు అన్నాడు, వదిన అర్రలోంచి బయటికి రాలేదు, మడత చప్పుడు మాత్రం ఆగింది, మొదటి రోజే చెప్పింది కదా, ఇందూ, ఆ మూలకు సల్లగనే ఉంటాంది అని, నేను నవ్వి అంకె చూపించాను, రోజూ తడి చిలపలు మోసుకుని ఈ మూలకు వచ్చేది ఆమె ఒక్కతే, ఇక్కడి చలిని ఒక మనిషి నోటితో చెబుతూనే ఉంది, మేము పటం కింద నిలబడి ఉన్నాము.